చెయ్యి ముందా, రెక్క ముందా

పక్షుల డ్యూటీలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ కూర్మన్నపాలెంలో మా ఇంటికి వస్తుంటారు. రిటైరై కూర్చున్నదాన్ని కదా, వచ్చినవాళ్ళని టీ ఇవ్వకుండా పంపను, సలహా ఇవ్వకుండా అసలే పంపను. వాళ్ళని మొదట అడిగేది ఒకటే: "మేత పెట్టినప్పుడు నోరు మూసుకుంటన్నారా, లేదా?" వాళ్ళు నవ్వుతారు. నవ్వండి నాయనా, నవ్వండి. నా ఉద్యోగం మొత్తంలో అతి పెద్ద తప్పు నేను ఈ నోటితోనూ, ఈ చేత్తోనూ చేశాను. తిట్లు తిన్న తప్పయితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. మెచ్చుకోళ్ళు తెచ్చిపెట్టిన తప్పు అది. అందుకే ఇంకా గొంతులో ముల్లులా ఉంది.

నేను పనిచేసింది ఊరి చివర, కొండ వారన ఉన్న ఒక పక్షుల ఆశ్రయంలో. పేరుకి అటెండర్ని. పంజరాలు కడగడం, మేత కలపడం, డాక్టరమ్మ సూది వేస్తుంటే పక్షిని పట్టుకోవడం నా పని. గాలిపటం దారం కోసుకున్న కొంగలు, దెబ్బతిన్న గద్దలు వచ్చేవి గానీ ఎక్కువగా వచ్చేవి రామచిలకలే. చిలకని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం చట్టానికి విరుద్ధమని అందరికీ తెలుసు. తెలిసీ ఎండాకాలానికి ముందు చెట్ల తొర్రల్లోంచి పిల్లల్ని తీసి సంతలకి పట్టుకొస్తారు. దొరికిపోయిన బుట్టలు మా దగ్గరికి చేరతాయి. ఆ పిల్లల్ని పెంచి, రెక్కలొచ్చాక తోటల్లో వదిలెయ్యాలి. ఎగరలేనివి, మనిషి లేకుండా ఉండలేనివి మాత్రం మా పెద్ద పంజరంలోనే ఉండిపోతాయి. చిలక ఆయుష్షు చిన్నది కాదు. పాతికేళ్ళ జైలు అనుకోండి.

నాతోపాటు ఒక పెద్దాయన పనిచేసేవాడు. పాత ఊళ్ళో పంజరాలు అల్లే సాయిబుల కుటుంబం ఆయనది. వాళ్ళ నాన్న కాలంలో చిలకల వ్యాపారమే చేసేవారట. చట్టం గట్టిపడ్డాక అది మానేసి తీగపని పట్టుకున్నారు. మా దగ్గర జాలీలు బాగుచెయ్యడానికి వచ్చి, పక్షిని పట్టుకునే తీరు చూసి అప్పటి డాక్టరుగారు ఉండిపొమ్మంటే ఉండిపోయాడు. నేను బాయ్‌గారూ అనేదాన్ని, ఆయన నన్ను సెల్లెమ్మా అనేవాడు. ఏ చిలక పిల్ల వచ్చినా దాని మెడ మీద నూగు మెల్లగా ఊది చూసి, ముందు ఒక ప్రశ్న వేసేవాడు. "సెయ్యి ముందా, రెక్క ముందా?"

వాళ్ళ పాత వ్యాపారంలో మాట అది. ఈకలు రాకముందే మనిషి చేతిలో పడింది చెయ్యి ముందు పిల్ల. అది మనిషినే అమ్మ అనుకుంటుంది. భుజం మీద కూర్చుంటుంది, నేర్పితే మాట్లాడుతుంది. గూట్లో అమ్మ దగ్గరే ఈకలు తెచ్చుకుని తర్వాత పట్టుబడింది రెక్క ముందు పిల్ల. అది జన్మలో మనిషిని నమ్మదు, వేలు పెడితే కండ ఊడేలా కొరుకుతుంది. అమ్మేవాళ్ళకి మొదటిది కావాలి. మాకు రెండోది కావాలి. ఇంత చిన్న తేడా నాకు అర్థం కావడానికి ఒక ఏడాది పట్టింది, ఆ ఏడాది సంగతే చెప్తున్నాను.

తగరపువలస సంతలో పట్టుకున్న బుట్ట ఒకటి వచ్చింది. అందులో పదకొండు పిల్లలు. ఆరింటికి అప్పటికే ఆకుపచ్చ ఈకలు దిగాయి. ఐదు మాత్రం ఎర్రటి తోలుతో, ముళ్ళలాంటి మొలకలతో, కళ్ళు అప్పుడే తెరిచినవి. డాక్టరమ్మ చిన్నపిల్ల, చదువు పూర్తిచేసుకుని కొత్తగా వచ్చింది. రూలు స్పష్టంగా చెప్పింది. మేత పెట్టేటప్పుడు ఆకుపచ్చ ముసుగు తగిలించుకోవాలి. పక్షుల దగ్గర మాట్లాడకూడదు. అవసరానికి మించి ముట్టుకోకూడదు. ఈకలున్న ఆరు బాయ్‌గారికి, ఆ ఐదు పసిగుడ్లూ నాకు.

"అక్కా, మీరు మాట్లాడకుండా ఉండగలరా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నానేటి, వాగుడుకాయనా?" అన్నాను. బాయ్‌గారు పక్కకి తిరిగి దగ్గాడు.

వారం రోజులు ఉన్నాను. నిజంగానే ఉన్నాను. ముసుగు వేసుకుని, స్పూను అంచులు వంచి, గోరువెచ్చని మేత మణికట్టు మీద వేసి చూసుకుని, మూగదానిలా ఐదు నోళ్ళకీ పెట్టాను. ఎనిమిదో రోజు పొద్దున్న అన్నిటికన్నా చిన్నది నోరు తెరవలేదు. చిలక పిల్లకి మెడ కింద తిండి నిలవుండే సంచి ఒకటి ఉంటుంది. దానికది గట్టిగా రాయిలా తగిలింది. ముందురోజు మేత అరగలేదు. డాక్టరమ్మ రెండు చుక్కలు వెచ్చని నీళ్ళు పట్టి, ఆ సంచిని మెల్లగా నిమురుతూ, ఒళ్ళు చల్లబడకుండా చేతిలో పట్టుకుని కూర్చోమంది. కూర్చున్నాను. ముసుగుకి చెమట పట్టింది, తీసేశాను. నా అరచేతిలో ఆ గుండె టపటపా కొట్టుకుంటోంది. ఎంతసేపని నోరు కట్టుకుంటారు చెప్పండి?

"ఏటే, ఏటైనాదే నీకు? ఏటే?" అన్నాను.

మధ్యాహ్నానికి సంచి మెత్తబడింది. అది కళ్ళు తెరిచి నన్ను చూసి నోరు తెరిచింది. అంత సంతోషం నాకు నా సొంత పిల్లల విషయంలో కూడా కలగలేదేమో. ఆ రోజు నుంచీ ముసుగు మేకుకి వేలాడింది. మేత పెట్టాక ఐదింటినీ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, నిమిరి, ఊరి కబుర్లన్నీ చెప్పి గానీ బుట్టలో పెట్టేదాన్ని కాదు. డాక్టరమ్మ రౌండ్‌కి వచ్చే వేళకి మళ్ళీ ముసుగులో మూగదాన్ని. తప్పని తెలుసు. తెలిసే చేశాను, అది దాచను.

ఇక్కడే అసలు తిరకాసు. నా పిల్లలు దివ్యంగా పెరిగాయి. తూకం వేస్తే కదలకుండా కూర్చునేవి. మందు వేస్తే మింగేవి. రోజూ చేతిలోకి తీసుకుంటున్నాను గనక ఏది నలతగా ఉందో ముట్టుకోగానే తెలిసేది. "మీ చేతిలో ఏదో ఉంది అక్కా," అంది డాక్టరమ్మ. చెయ్యే ఉంది, ఇంకేముంటుంది!

బాయ్‌గారి ఆరూ అలా కాదు. ఆయన రూలు అక్షరం తప్పలేదు. గిన్నె పెట్టి వచ్చేసేవాడు. ముసుగు కనిపిస్తే చాలు, అవి వెనక మూలకి దూరి బుసలు కొట్టేవి. కళ్ళకి మందు వెయ్యాల్సి వచ్చినప్పుడు జాలీకి కొట్టుకుని ఒకదాని ముక్కు చిట్లింది. ఇంకొకటి లోపల్లోపల చిక్కిపోయింది. ఈకలు ఉబ్బించుకుని కూర్చునేది గనక బయటికి బొద్దుగానే కనబడేది. రొమ్ము ఎముక తడిమి చూస్తే తెలిసేది, కానీ తడిమే చెయ్యి ఏది? ఒకరోజు పొద్దున్న గిన్నె పక్కన పడి ఉంది. ఎత్తితే కాగితమంత తేలిక.

బాయ్‌గారు దాన్ని గోరింట చెట్టు కింద పాతిపెట్టి వచ్చి, క్యారేజీ విప్పకుండా కూర్చున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా? నా నోరు ఊరుకోదు.

"సెయ్యి తగిలితే సచ్చిపోద్దేటి బాయ్‌గారూ? మీ రూలే దాన్ని సంపేసినాది. నా పిల్లల్ని సూడండి, ఎలాగున్నాయో!"

ఆయన తల తిప్పి, మేకుకి వేలాడుతున్న నా ముసుగు వైపు చూశాడు. అప్పుడర్థమైంది నాకు, నా ముసుగు సంగతి ఆయనకి మొదట్నుంచీ తెలుసని.

"నిజమే సెల్లెమ్మా. నాను తడిమి సూడాల్సింది. తప్పు నాదే. నీ పిల్లలు బాగున్నాయి," అన్నాడు. "నాకదే బయం."

ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

వానలు మొదలయ్యాక అన్నిటినీ ఎగరడం నేర్చుకోడానికి కట్టిన పొడవాటి పంజరంలోకి మార్చాం, మధ్యలో జాలీ అడ్డం పెట్టి ఆయన ఐదూ ఒక సగం, నా ఐదూ ఒక సగం. వదిలే ముందు ఒక పరీక్ష ఉంటుంది. పక్షులకి పరిచయం లేని మనిషి లోపలికి వెళ్ళి కాసేపు కదలకుండా నిలబడాలి. పక్షి పైకెళ్ళిపోతే పాసు. దగ్గరకొస్తే ఫెయిలు. మా గేటు దగ్గర వాచ్‌మన్‌ని పంపారు. బాయ్‌గారి పిల్లలు అరుచుకుంటూ కప్పుకి అంటుకుపోయాయి. నా వైపు వచ్చేసరికి నాలుగు పిల్లలు అందేంత దూరంలో కొమ్మ మీద వరసగా కూర్చుని అతన్ని తీరిగ్గా చూశాయి. ఆ చిన్నది, నా చేతిలో బతికింది, తిన్నగా వెళ్ళి అతని టోపీ మీద వాలి చెవి కొరకడం మొదలుపెట్టింది.

"ఓలమ్మ, సక్కలిగిలి పెడతంది!" అని వాచ్‌మన్ ఒకటే నవ్వు. నేనూ విరగబడి నవ్వాను. చూస్తే డాక్టరమ్మ నవ్వట్లేదు. పుస్తకంలో ఏదో రాసుకుని, పెన్ను మూత పెట్టి నా వైపు తిరిగింది.

"అక్కా, ఈ ఐదింటినీ వదల్లేం. తోటలో మొదట కనబడిన మనిషి చేతి మీద వాలతాయి. ఆ చెయ్యి ఎవరిదో మనకి తెలీదు. మళ్ళీ ఏదో సంతలో బుట్టలో తేలతాయి."

"అయితే?"

"ఇక్కడే ఉండిపోవాలి. పంజరంలో."

పంజరం పక్కనే కూలబడి ఏడ్చాను. ముసుగు తీసేసిన సంగతి అప్పుడే ఒప్పుకున్నాను. డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. పాపం, ఆ పిల్ల నా పక్కన కింద కూర్చుని, "ఆ రోజు చేతిలో పట్టుకోమన్నది నేనే కదా అక్కా," అంది. కార్తీకం చివర్లో ఇంకొక్కసారి పరీక్ష పెడతానంది. అప్పుడు కూడా ఫెయిలైతే ఇక జీవితాంతం అందులోనే.

బాయ్‌గారు నన్ను పక్కకి పిలిచాడు. "ఈ అలవాటు మాన్పించొచ్చు. వయసు సిన్నది. కానీ నువ్వే సెయ్యాల."

"ఏటి సెయ్యాల?"

"బెదరగొట్టాల. వచ్చినప్పుడల్లా తోలాల. నీల్లు కొట్టు, సప్పుడు సెయ్యి, ఏదైనా సెయ్యి."

"అమ్మో, నాను సెయ్యలేను. మీరు సెయ్యండి, లేపోతే ఆ వాచ్‌మన్‌తో సేయించండి."

"మాకు బయపడితే మాకే బయపడతాయి. నీ దగ్గరికి పరిగెట్టుకొత్తాయి. వాటికి మనిసంటే నువ్వే సెల్లెమ్మా. నువ్వు సెడ్డదానివైతేనే మిగతా మనుసులు సెడ్డోల్లవతారు."

ఆ రాత్రి అన్నం సయించలేదు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనిచేసే మా ఆయన షిఫ్టు దిగొచ్చి, "ఏటే, ఎవలైనా పోయారేటి?" అని అడిగాడు.

మేము గంగపుత్రులం. చిన్నప్పుడు ఒడ్డున ఇసుకలో చేపలు ఎండబెట్టినప్పుడు కాకుల్ని తోలే పని నాదే. మా అమ్మ ఒక సత్తు పళ్ళెం, ఒక గరిటె ఇచ్చి కూర్చోబెట్టేది. పళ్ళెం మీద ఒక్కటిచ్చి హోయ్ అని అరిస్తే ఒడ్డంతా ఖాళీ అయిపోయేది. ఆ పళ్ళెం మా ఇంట్లోనే ఉంది. మర్నాడు సంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్ళాను.

లోపలికి అడుగుపెట్టగానే ఐదూ నా మీదకొచ్చాయి. చిన్నది ఎప్పట్లాగే ఎడమ భుజం మీద వాలి జుట్టు లాగింది. పళ్ళెం మీద గట్టిగా కొట్టి, హోయ్ అని అరిచాను. నాలుగు ఎగిరిపోయాయి. చిన్నది పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అదే భుజం మీద వాలింది. ఆటనుకుంది. అయ్యో దేవుడా! మళ్ళీ కొట్టాను, ఈసారి చెంబుడు నీళ్ళు దాని మీద చల్లాను. తడిసిన ఈకలతో కొమ్మ మీద కూర్చుని, తల పక్కకి వంచి నన్నే చూసింది. బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఏడ్చాను.

రోజూ అదే పని. నాలుగింటికీ పది పదిహేను రోజుల్లో బుద్ధొచ్చింది. చిన్నదానికి రాలేదు. పైపెచ్చు, ఆ రోజుల్లోనే దానికి మాటొచ్చింది. ఒక పొద్దున్న నేను పళ్ళెం పట్టుకుని తలుపు తీస్తున్నాను, పైనుంచి అచ్చం నా గొంతుతో, "ఏటే?"

బాయ్‌గారి చేతిలో తీగచుట్ట జారిపోయింది. "యా అల్లా," అన్నాడు.

ఆ తర్వాత అది మేత మానేసింది. మూలన ఈకలు ఉబ్బించుకుని కూర్చునేది. తూకం తగ్గింది. గోరింట చెట్టు కింద పాతిపెట్టిన పిల్ల మాకందరికీ గుర్తొచ్చింది. డాక్టరమ్మ తూకం చూసి, "అక్కా, ఆపేద్దామా? పంజరంలోనైనా బతికుంటుంది కదా. మీరు దగ్గరకి తీస్తే సాయంత్రానికే తింటుంది," అంది.

నిజమే. ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే తినేది. నా చెయ్యి దురద పెట్టింది. బాయ్‌గారి మొహం చూశాను, ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నా తప్పుని నేనే దిద్దుకోవాలని ఊరుకున్నాడు.

"రెండ్రోజులు నాను లోపలికెల్లను," అన్నాను. "పల్లెం కొట్టను, దగ్గరికీ తియ్యను. బాయ్‌గారు మజ్జిలో ఉన్న జాలీ తీసేత్తారు. ఆయన పిల్లలతో కలవనీయండి. అప్పటికీ తినకపోతే ఎత్తుకుంటాను, ఇంక ఈ జన్మకి దింపను."

జాలీ తీసేశారు. బాయ్‌గారు వేప కొమ్మలు, జామకాయలు కప్పు దగ్గర ఎత్తుగా కట్టాడు. కింద గిన్నె ఎత్తేశాడు. మొదటిరోజు చిన్నది కింద గిన్నె ఉండే చోటే కూర్చుంది. నేను గోడ వెనక కంతలోంచి చూస్తూ నా పైటకొంగు నేనే నమిలాను. రెండోరోజు మధ్యాహ్నం, బుస కొట్టే ఆ మొండి పిల్లల్లో ఒకటి జామకాయ కొరుకుతుంటే, ఇది మెల్లగా పక్కకి జరిగి జరిగి ఆ కాయకే నోరు పెట్టింది. అది ముక్కుతో ఒక్కటి పొడిచింది. ఇది తిరిగి పొడిచింది. తర్వాత రెండూ చెరోవైపు నుంచీ తిన్నాయి.

"తింటంది, తింటంది!" అని బాయ్‌గారి చెయ్యి పట్టుకుని ఊపేశాను. అంతవరకూ ఆ మొండి పిల్లలంటే నాకు లోకువ. చివరికి నా పిల్లకి బతుకు నేర్పింది అవే.

కార్తీకం చివర పరీక్షలో వాచ్‌మన్ లోపలికి వెళ్ళగానే మొండి పిల్లలు అరిచాయి, మొత్తం పదీ పైకి లేచిపోయాయి. అప్పుడు డాక్టరమ్మ నన్ను వెళ్ళమంది. నేను వెళ్ళాను. తొమ్మిది పైకెళ్ళాయి. చిన్నది మధ్య కొమ్మ దగ్గర ఆగి, "ఏటే?" అంది. పళ్ళెం ఎత్తాను. ఇంకా కొట్టనే లేదు, అది చప్పున కప్పుకి ఎగిరిపోయింది. పాసైంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో పళ్ళెం ఎత్తినది ఎత్తినట్టే ఉంది.

సబ్బవరం అవతల జీడిమామిడి తోటల్లో, ఎండ ఎక్కకముందే వదలాలని నిర్ణయించారు. నన్ను రావొద్దన్నారు. జీపు దిగనని, నోరు విప్పనని ఒట్టు పెట్టి, పళ్ళెం సంచిలో వేసుకుని వెళ్ళాను. బుట్ట తలుపు తియ్యగానే మొండి పిల్లలు దూసుకుపోయాయి, నా నాలుగూ వాటి వెనకే. చిన్నది బుట్ట అంచు మీద కూర్చుంది. తర్వాత జీపుకి దగ్గరగా ఉన్న కొమ్మ మీదకి ఎగిరింది. అద్దంలోంచి నన్ను పోల్చుకుంది.

"ఏటే?"

బాయ్‌గారు కదల్లేదు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ఒక్క మాటంటే చాలు, అది నా భుజం మీద ఉంటుంది. ఇంటికి కాదు, పంజరానికి వస్తుంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఏటే? ఏటే?"

జీపు దిగనని పెట్టిన ఒట్టు తప్పాను. దిగి, ఆ కొమ్మ కిందకి వెళ్ళి, నా ఒంట్లో బలమంతా పెట్టి పళ్ళెం మోగించాను. తోట దద్దరిల్లింది. అది లేచి, తోట మీదుగా తక్కినవి వెళ్ళిన వైపే పోయింది. వెనక్కి చూడలేదు. నేను మాత్రం ఇంకా కొడుతూనే ఉన్నాను. బాయ్‌గారు వచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

"సాలు సెల్లెమ్మా. ఎల్లిపోనాది. ఇంక రెక్కే ముందు."

ఆ తర్వాత మా పద్ధతి మారింది. ప్రతి పిల్లనీ రోజూ ముట్టుకునేవాళ్ళం, రొమ్ము ఎముక తడిమేవాళ్ళం, కానీ చేతికి బట్ట చుట్టుకుని, నోటికి తాళం వేసుకుని. రెక్క విరిగి ఎప్పటికీ ఎగరలేని పిల్లల్ని మాత్రం బాయ్‌గారు తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాడు. "ఇవి నీయి. ఎంత మాటాడతావో మాటాడుకో." పంజరంలో బతకాల్సిన పిల్ల మనిషిని చూసి బెదురుతూ బతికితే ఆ బెదురుకే చచ్చిపోతుంది. దానికి చిన్నప్పట్నుంచీ చెయ్యి అలవాటు చెయ్యడమే మందు. అంచేత పిల్లలూ, బుట్ట రాగానే ముందు అది ఎక్కడికి వెళ్ళాల్సిన పిల్లో అడగండి. మీకు ముద్దొస్తోందా లేదా అన్నది తర్వాత.

బాయ్‌గారు పోయి రెండేళ్ళయింది. ఆయన ఉంటే ఇవన్నీ నాకన్నా తక్కువ మాటల్లో చెప్పేవాడు.

సాయంత్రం మా డాబా మీదుగా ప్లాంటు వైపు చెట్లకి చిలకలు గుంపులుగా వెళ్తుంటాయి. ఆ పది నిమిషాలూ నేను నోరెత్తనని మా ఆయన వేళాకోళం చేస్తాడు. నేను చెవులు రిక్కించి వింటుంటాను. అంత గోలలో ఎక్కడైనా నా గొంతు వినబడుతుందేమోనని. ఇన్నేళ్ళలో వినబడలేదు. వినబడితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. అందుకే ఆ పళ్ళెం డాబా మెట్ల దగ్గరే ఉంచాను.